మెట్టపాలెం పచ్చడిబండలు

మెట్టపాలెంలో ఏ కబురైనా ఊరంతా పాకాలంటే దండోరా వేయించక్కర్లేదు. సుబ్బరావమ్మ చెవిలో వేసి, "ఎవరికీ చెప్పకు" అంటే చాలు. అరవై దాటినా ఆవిడ మిరపకోతకి దిగిందంటే పక్క సాళ్ళలో వాళ్ళకి నవ్వుతో చేతులాడవు.

అద్దంకికి పడమరగా ఉన్న ఆ ఊరికి ఆవిడ కాపరానికొచ్చిన ఏడే, ఊరి వెనక నల్లతిప్ప కింద సర్వే వాళ్ళు డేరాలు వేశారు. తిప్ప పక్కన ఏనాటివో గుంటలు, నల్లటి చిట్టెం కుప్పలు ఉండేవి. పూర్వం అక్కడ ఎవరో రాగి కరిగించారని చెప్పుకునేవారు. ఆ మాట పట్టుకునే సర్వే వాళ్ళు వచ్చి, మిషన్లతో బోర్లు దించి, మణికట్టు లావున నున్నటి రాతి కడ్డీలు పైకి తీశారు. వాటిని కోర్ అనేవారు. డేరాల్లో వంటకి కుదిరిన సుబ్బరావమ్మ వాటిని చూసి, "ఇంత తిప్పలు పడి పచ్చడిబండలు తీస్తన్నారేంటండీ!" అంది. ఆఫీసర్లు పొట్ట పట్టుకుని నవ్వారు.

రాగీ సీసం తగిలాయి గానీ, అక్కడింత ఇక్కడింత. వాళ్ళు కడ్డీల్ని చెక్కపెట్టెల్లో సర్ది, రేకులషెడ్డులో పెట్టి వెళ్ళిపోయారు. ఆ తర్వాతొచ్చిన తుపానుకి రేకులు ఎగిరిపోయాయి. పెట్టెలు పొయ్యిల్లోకి పోయాయి. కడ్డీలు ఒక్కొక్కటే ఊళ్ళోకి నడిచొచ్చాయి.

మొన్న మాఘమాసంలో తేజశ్రీ అనే జియాలజిస్టు వచ్చింది. కొత్త బోర్లు వేసేముందు పాత కోర్ చూసుకోవాలని ఇల్లిల్లూ తిరిగింది. అడిగిన ప్రతివాళ్ళూ ఆకాశంకేసి చూశారు. వెంకాయమ్మయితే ఆ రాతితోనే గోంగూర నూరుతూ, "రాళ్ళా? మేమెరగమమ్మా" అంది.

పిల్ల ఉసూరుమంటూ సుబ్బరావమ్మ అరుగు మీద కూలబడింది.

"అంత గొప్ప ఏముందమ్మాయ్ ఆ రాళ్ళలో?"

"ఇక్కడంతా సున్నపురాయి పిన్నిగారూ. కోట్ల ఏళ్ళ కిందట గ్రానైటు కరిగి, కుతకుతలాడుతూ అడుగునుంచి పైకొచ్చి దాన్ని ఆనుకుంది. ఆ సెగకీ, దాన్నుంచి వచ్చిన వేడినీళ్ళకీ సున్నపురాయి వేరే రాయిగా మారిపోయింది. ఎర్రటి గార్నెట్ పలుకులు పుట్టాయి. దాన్ని స్కార్న్ అంటాం. ఆ నీళ్ళే రాగినీ సీసాన్నీ జింకునీ మోసుకొచ్చి సందుల్లో దింపాయి."

"పులుసులో ఉడికిన ముక్కకి ఉప్పూకారం పట్టినట్టు."

"అచ్చం అంతే!"

"సీసం అన్నావు కదూ?" సుబ్బరావమ్మ కళ్ళు మెరిశాయి. "రేపు పొద్దున రా."

ఆ మధ్యాహ్నం కల్లంలో కాయలు ఏరుతూ ఆవిడ వెంకాయమ్మ పక్కకి జరిగింది.

"ఎవరితో అనబాకే. తిప్ప రాయితో నూరిన పచ్చడి తింటే జుట్టు కుచ్చులుకుచ్చులుగా ఊడుద్దంట. అందులో సీసముందంట."

వెంకాయమ్మ చేతిలో కాయ జారిపోయింది. "అమ్మో! మొన్న దువ్వెన నిండా వచ్చింది, ఇదేనన్నమాట!"

తెల్లారేసరికి సుబ్బరావమ్మ గుమ్మం ముందు గుట్ట పడింది. కోర్ కడ్డీలతోపాటు, ఎందుకైనా మంచిదని సిసలైన పచ్చడిబండలూ, విరిగిన తిరగలీ, ఎవరిదో సన్నికల్లు కూడా! తేజశ్రీ నవ్వుకుంటూనే చతికిలబడి, రాళ్ళ మీద అప్పటి సర్వే వాళ్ళు రంగుతో వేసిన, చెరిగీ చెరగని లోతు అంకెలు చూసి వరస పేర్చింది. అన్నిటికంటే లోతైన బోరులో, ఖనిజం తగిలిన చోటి ముక్క మాత్రం లేదు.

అది గురవయ్య కల్లంలో ఉంది. మిరపకాయల మీద పట్టా ఎగరకుండా బరువు పెట్టాడు. ఆయన తల అద్దంలా ఉంటుంది. సుబ్బరావమ్మ వెళ్ళి జుట్టు కబురు చెప్పింది.

"నాకు ఊడేదేముందే సుబ్బులూ? పో పో!" అని నెత్తి నిమురుకున్నాడు.

"తలకేం భయం లేదులే బావా," అంది సుబ్బరావమ్మ జాలిగా. "మీసానికే వస్తదంట. నువ్వు రోజూ ఆ చేత్తోనే కదా దువ్వుకునేది?"

పూటపూటా నూనె రాసి మెలితిప్పే మీసం అది. గురవయ్య ముక్కని తుండుగుడ్డలో చుట్టి, దూరంగా పట్టుకుని తనే తెచ్చి దింపాడు.

తేజశ్రీ దాన్ని నీళ్ళతో కడిగింది. ఎర్రటి గార్నెట్ల మధ్య రాగి ఖనిజం పసుప్పచ్చగా, సీసం వెండిలా తళుక్కుమన్నాయి. పిల్ల మొహం వెలిగిపోయింది.

"ఇంతకీ పిన్నిగారూ, జుట్టు సంగతి ఎవరు పుట్టించారో గానీ, ఈ సీసపు రాయితో పచ్చడి నూరడం నిజంగానే మంచిది కాదు."

సుబ్బరావమ్మ చెయ్యి దానంతటదే కొప్పు మీదికెళ్ళింది. గబగబా వంటింట్లోకి వెళ్ళి, చెంగు చాటున ఏదో పట్టుకొచ్చి, ఎవరూ చూడకుండా వరస చివర పెట్టింది. అన్నిటిలోకీ నున్నగా అరిగిన కడ్డీ అదే.

కోతలయ్యాక మిషన్లొచ్చాయి. మొదటి బోరులో తెల్లటి పాలరాయి తప్ప ఏమీ రాలేదు. రెండోదాన్లో రాగి తగిలింది, మళ్ళీ మాయమైంది. ఇప్పుడే గని తవ్వేంత లేదు, అలాగని వదిలేసేంత తక్కువా కాదు అని తేల్చారు. కోర్ కోసం శ్లాబు వేసిన షెడ్డు కట్టి, తాళంచెవి సుబ్బరావమ్మకే ఇచ్చారు.

తొలకరి పడ్డాక పెద్ద ఆఫీసర్లు జీపులో వచ్చారు. వస్తూ వస్తూ ఆవిడ పత్తిచేలో రెండు సాళ్ళ మొలక తొక్కించేశారు. సుబ్బరావమ్మ నవ్వుతూ ఎదురెళ్ళింది.

"తిప్పకి దారెటమ్మా?" అని వాళ్ళడిగితే, "అదుగోనండీ, ఆ డొంకన పోండి, దగ్గిర," అని నల్లరేగడి దారి చూపించింది.

జీపు ఇరుసుల దాకా దిగబడ్డాక, గురవయ్య ట్రాక్టరు కోసం కబురెళ్ళింది. ట్రాక్టరు కంటే ముందే సుబ్బరావమ్మ పదిమంది ఆడవాళ్ళని వెంటబెట్టుకుని గట్టు మీదికి చేరింది.

"పాపం, ఎంత లోతుకి దిగిందోనండీ!" అంది బుగ్గన వేలేసుకుని. "బండలేవన్నా తగిలాయా?"