పెట్టెకి తగిలిన పోపు

నోరు మూసుకుని కూర్చుంటే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదని నేను గట్టిగా నమ్మిన రోజులవి. అమెరికాలోని పిస్కాటవేలో ఎమ్మెస్ పూర్తి చేసి మొదటి ఉద్యోగంలో కొత్తగా చేరాను. పొద్దున్నే మీటింగ్‌లో నా వంతు రాగానే "నో అప్‌డేట్స్" అని తల దించేసుకునేదాన్ని. అప్‌డేట్స్ లేక కాదు. అవి నోటిదాకా వచ్చి, అక్కడ గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నట్టు ఆగిపోయేవి. తీరా సాయంత్రం బస్సెక్కాక ఎక్కడలేని వాక్యాలూ వరసగా, వ్యాకరణంతో సహా వచ్చేవి. వాటిని డైరీలో రాసుకునేదాన్ని. (మా కంపెనీకి నేనిచ్చిన మంచి సలహాలతో ఒక డైరీ నిండిపోయింది. పాపం, కంపెనీకి ఆ సంగతి తెలియదు.)

కంపెనీ అంటే పెద్దదేం కాదు. మేం చేసేది వాసన పట్టే పెట్టె. చేప పాడవడం మొదలయ్యేటప్పుడు గంధకం కలిసిన వాసనలు మన ముక్కుకి తెలియనంత సన్నగా బయటికొస్తాయి. వాటిని పట్టుకునే మందు ఒకటుంది. దాన్ని కాగితం మీద తడిగా పూసి ఉంచితే వాడే లోపలే పాడైపోతుంది. అందుకని మా పెట్టెలో ఒక బుల్లి సీసా, దాని కింద బుల్లి హీటరు ఉండేవి. అవసరమైనప్పుడు మందు ఆవిరై, ఇడ్లీ రేకులకి తగిలినట్టు మెల్లగా కాగితానికి తగిలేది. అప్పుడు గాలిలో ఆ వాసనుంటే కాగితం రంగు మారి పెట్టె బీప్‌మని అరిచేది. ఆవిరి ఎక్కువైతే కాగితం ఊరికే మరకపడుతుంది, తక్కువైతే ఏమీ పట్టదు. ఆ ఆవిరిని అదుపులో పెట్టడమే మా పని మొత్తం. హీటరు సంగతి నాతో పనిచేసే నెల్లూరు అన్న చూసేవాడు, కాగితం సంగతి నేను. మా ఇద్దరి మీదా టీమ్ లీడ్ ఉండేవారు. తెల్లాయన, నడుం దాకా గడ్డం. మా ఇద్దరి మధ్యా ఆయన పేరు గడ్డాయన.

ఇక ఇంటి సంగతి. నా రూమ్మేట్ వరంగల్ అక్కా నేనూ ఒక బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. అక్క నాకంటే మూడేళ్ళు ముందొచ్చిన మనిషి కాబట్టి ఇంటి చట్టాలన్నీ ఆమెవే. వాటిలో మొదటిది పోపు చట్టం. పోపు పెట్టే ముందు కోట్లు, శాలువాలు బెడ్‌రూమ్‌లో పడేసి తలుపు వేయాలి. "లేకపోతే ఆఫీసంతా మన పప్పుచారు తిన్నట్టే" అనేది. పోపు పెట్టాక సీలింగ్ మీది స్మోక్ అలారం ఎలాగూ అరుస్తుంది. అది అరవగానే ఒకరు గరిటె పట్టుకోవాలి, రెండోవాళ్ళు టవల్ పట్టుకుని దాని కింద నిలబడి విసరాలి. నేను పొట్టిదాన్ని కాబట్టి మునివేళ్ళ మీద లేచి విసిరేదాన్ని. "ఇంకా జోరుగా ఊపు, లీజింగ్ ఆఫీసోడొస్తడు" అని అక్క పొయ్యి దగ్గర్నుంచి అదిలించేది. కొన్నాళ్ళకి ఆ పనికి ఆలోచన అక్కర్లేకుండా పోయింది. బీప్ వినబడితే చేతులు వాటంతటవే లేచేవి.

ఆ చలికాలం మా పెట్టెకి జబ్బు చేసింది. శుభ్రమైన గాలిలో కూడా ఉండుండి అరవడం మొదలెట్టింది. ఒకరోజు అరిచేది, మర్నాడు నోరెత్తేది కాదు. గడ్డాయన హీటరు మార్పించారు, సీసా మార్పించారు, గొట్టాలన్నీ కడిగించారు. అన్న తల పట్టుకున్నాడు.

"ఏందమ్మే, నీ కాగితం నా పరువు తీసేట్టుందే."

"నా కాగితం బాగానే ఉంది అన్నా."

"అయితే నా ఆవిరి బాగాలేదంటావా?"

"నేనేమన్నాను?"

"అదే నీతో వచ్చిన గొడవ. నువ్వేమీ అనవు."

అలాంటి స్థితిలో చేపలు నిలవచేసే కోల్డ్ స్టోరేజ్ వాళ్ళు పెట్టెని చూడ్డానికి వస్తామన్నారు. వాళ్ళొచ్చే రోజు పొద్దున గడ్డాయన మమ్మల్నిద్దరినీ పిలిచి, గొంతు పెంచకుండానే చెప్పారు. వాళ్ళకి నచ్చితే పెట్టె బయటికెళ్తుంది, నచ్చకపోతే అటకెక్కుతుంది, అటకెక్కితే మీ ఇద్దరికీ ఇక్కడ పనుండదు అని. అన్నకి ఈ ఉద్యోగం మీదే నిలిచిన వీసా, ఇద్దరు పిల్లలు. నాకు అదే మొదటి ఉద్యోగం, పైగా ఆ పెట్టె అంటే ఎంతో ఇష్టం. (ప్రపంచంలో నాకంటే తక్కువ మాట్లాడేది అదొక్కటే.)

కోల్డ్ స్టోరేజ్ నుంచి ఇద్దరొచ్చారు, ఒక పెద్దావిడ, ఒకాయన. ల్యాబ్ చల్లగా ఉండేది కాబట్టి నేను రోజూలాగే అమ్మ పంపిన ఉన్ని శాలువా కప్పుకుని, చేప డబ్బా అందించడానికి పెట్టె పక్కనే కూర్చున్నాను. "గాలి శుభ్రంగా ఉన్నంతసేపూ ఇది నిశ్శబ్దంగా ఉంటుంది" అన్నారు గడ్డాయన. చేప డబ్బా మూత ఇంకా తీయలేదు. పెట్టె బీప్‌మంది.

తరవాత జరిగినదానికి నేను బాధ్యురాలిని కాను, నా చేతులు బాధ్యులు. అవి శాలువాని భుజాల మీంచి లాగాయి. నన్ను మునివేళ్ళ మీద లేపాయి. ఎదురుగా కోల్డ్ స్టోరేజ్ వాళ్ళున్నారన్న ధ్యాసే లేకుండా పెట్టె మీద టపటపా విసరడం మొదలెట్టాయి. పెట్టె ఇంకా గట్టిగా అరిచింది. ఇంట్లో అలా అరిస్తే ఏం చేస్తాం? ఇంకా జోరుగా ఊపుతాం. ఊపాను. "అమ్మే, ఏం చేస్తుండావు?" అని అన్న తెలుగులో గొణిగాడు. అప్పటికి నాకు స్పృహ వచ్చింది. శాలువాని ఉండలా చుట్టి పట్టుకుని వెనక్కి, వెనక్కి, తలుపు దాకా వెళ్ళిపోయాను. పెట్టె ఆగిపోయింది.

గడ్డాయన నన్ను చూశారు, పెట్టెని చూశారు. "ఒకసారి ఇలా రా" అన్నారు. వెళ్ళాను. బీప్. "వెనక్కి వెళ్ళు." నిశ్శబ్దం. "మళ్ళీ రా." బీప్. హారతి పళ్ళెం పట్టుకున్నట్టు శాలువా పట్టుకుని ఆ గదిలో అటూ ఇటూ నడిచాను. పెద్దావిడ కుర్చీ ముందుకి జరుపుకుంది. "ఆ బట్టలో ఏముంది?" అని అడిగింది.

అందరూ నా వైపే చూస్తున్నారు. "నో అప్‌డేట్స్" అనడానికి నాలుక సిద్ధంగానే ఉంది. కానీ నేనిప్పుడు ఊరుకుంటే వీళ్ళు పెట్టె చెడిపోయిందనుకుని వెళ్ళిపోతారు. పొద్దున పప్పుచారులో పోపు పెట్టేటప్పుడు శాలువా వంటింట్లో కుర్చీ మీదే ఉంది. ఇంగువ వాసనలో ఉన్నది కూడా గంధకమే. ఇది ఆ గదిలో నాకూ అన్నకీ తప్ప ఇంకెవరికీ తట్టదు, అన్నేమో కళ్ళు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాడు.

నోరు తెరిచాను. పెట్టె బాగానే ఉందని చెప్పాను. అది ఇన్నాళ్ళూ నిజమే చెప్పిందని, శాలువా వంటింట్లో వదిలేసి పోపు పెట్టుకున్న రోజుల్లోనే అరిచిందని చెప్పాను. ఇంగువ అంటే ఏమిటో, అది ఏ మొక్క వేరులోంచి కారే పాలో, నూనెలో వేస్తే వాసన ఎందుకు మారుతుందో కూడా చెప్పాను. ఎవరూ అడగకపోయినా పప్పుచారు గురించి కూడా కొంత చెప్పాను.

పెద్దావిడ లేచొచ్చి శాలువా వాసన చూసింది. "నాకేమీ తెలియడం లేదే" అంది. అంటూనే పెట్టె వైపు తిరిగింది, ఈసారి మర్యాదగా. పక్కనున్నాయన "మా గోడౌన్‌లో ఇంగువ ఉండదనుకో" అన్నాడు నవ్వుతూ. గడ్డాయన శాలువాని ఒక జిప్ బ్యాగ్‌లో కుక్కి మూసేసి, గాలి మారాక చేప డబ్బా తెరిచారు. పెట్టె అరవాల్సినప్పుడు అరిచి, ఊరుకోవాల్సినప్పుడు ఊరుకుంది. వాళ్ళు ఒక గోడౌన్‌లో పెట్టి చూస్తామన్నారు.

"అయినా రోజూ పక్కనే కూర్చుంటివే, నా ముక్కుకెందుకు తెలియలేదమ్మే?" అన్నాడు అన్న తరవాత.

"మీ ఇంట్లోనూ పెడతారుగా అన్నా, పోపు."

అన్న తన స్వెట్టర్ చెయ్యి ఒకసారి వాసన చూసుకుని హీటరు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ మర్నాటి నుంచి ల్యాబ్‌లో కుళ్ళిన చేప బదులు రోజువారీ పరీక్షకి ఒక ఇంగువ డబ్బా వచ్చింది. గడ్డాయన దాన్ని మూడు సీసాల్లో ఒకదాంట్లో ఒకటి పెట్టి దాచేవారు.

ఇప్పుడు మీటింగుల్లో మాట్లాడతాను. మొదటి రెండు మాటలూ ఇంకా గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటాయి, తరవాత బయల్దేరతాయి. కానీ నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ రోజు చివర్న జరిగింది. పెద్దావిడ కారెక్కబోతూ ఆగి, ఇంగువ అన్న మాట ఇంకోసారి చెప్పమంది. మంచు పడుతోంది. ఆవిడ అన్నది సరిగ్గా రాలేదు. కాదండీ, ఇలా, అని దిద్దాను. మళ్ళీ రాలేదు. మళ్ళీ దిద్దాను. ఎదుటి మనిషిని దిద్దడం నా జన్మలో అదే మొదలు. శాలువా లేకుండా, ముక్కు ఎర్రబడి, పార్కింగ్ లాట్‌లో పరాయి మనిషికి ఇంగువ అనడం నేర్పుతూ నిలబడ్డ ఆ పిల్ల గుర్తొచ్చినప్పుడల్లా, వెళ్ళి భుజాల మీద ఏదైనా కప్పాలనిపిస్తుంది నాకు. కానీ చూడండి, తనకి చలే తెలియడం లేదు.