నలభై కుందేళ్ల నొప్పికి పడిన మార్కులు

సునిమ్ అక్క ఒకసారి మొగుడి పంటినొప్పికి మొహం చూసి పదికి మూడే వేసి, ఆస్పత్రి అక్కర్లేదని తేల్చిందని మా చొంగ్‌జు ఊళ్లో పుకారు. నిజమో కాదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. నేనైతే ఓ వెయ్యిమందికి చెప్పి ఉంటాను.

ఆవిడ మా ల్యాబులో ఇరవై రెండేళ్లుగా కుందేళ్ల బోనులు కడుగుతోంది. నేను పక్కగదిలో కోట్లు ఉతుకుతాను. మొన్న ఎండాకాలం కుందేళ్లకిచ్చే కొత్త నొప్పిమందు పరీక్షకొచ్చింది. నలభై కుందేళ్లకు కాలు కోసి, కుట్టి, చిన్న మోతాదు ఇచ్చారు. ఆ కాస్త మందు పనిచేసిందో లేదో మొహమే చెప్పాలి. కుందేలు కళ్లు ముడిచిందా, బుగ్గలు పీక్కుపోయాయా, చెవులు వెనక్కి వాల్చిందా అని ఫొటోలు చూసి పదికి మార్కులేస్తారు. ఎన్ని ఎక్కువొస్తే అంత నొప్పి. నాలుగు దాటితే ఇంకో ఇంజెక్షన్.

ఏ కుందేలుకీ మార్కు రెండు దాటలేదు. పరీక్ష నడిపే నామ్‌గుంగ్ డాక్టరు సంతోషంతో నేలమీద నడవడం మానేశాడు.

పరీక్ష ఆఖరి రోజున అక్క నా గదిలోకొచ్చి బకెట్ బోర్లించుకుని కూర్చుంది.

"ఫొటోల వేళకి రోజూ తలుపు సందులోంచి లేతాకు చూపించేదాన్నే మల్సుక్. పాపం, నన్ను చూస్తే చెవులు నిక్కబొడిచేవి. ఇవాళ ఫొటోలయ్యాక చీపురు మర్చిపోయి వెనక్కెళ్లాను. అన్నీ గోడకి తిరిగి కళ్లు మూసుకునున్నాయి. ఎనిమిదికి తక్కువుండదు."

"నీ అందం చూసి నొప్పి మర్చిపోయాయిలే. పోయి డాక్టరుకి చెప్పు."

"చెప్తే లెక్క చెడిందని ఇంకో నలభైని తెప్పించి కోస్తాడు."

"చెప్పకపోతే?"

"ఎక్కడ కుందేలుని కోసినా ఈ పిసరు మందే ఇస్తారు."

ఆ సాయంత్రమే ఆ నలభైనీ సూదేసి శాశ్వతంగా నిద్రపుచ్చేశారు. నేను నోరు కట్టుకుని కూర్చున్నాను, పూర్తిగా ఒకపూట.

శరత్కాలంలో, చచ్చిన జంతువుల పేరున ఏటా మేం పెట్టుకునే పూజరోజున, వాటి గుర్తుగా నిలిపిన రాతిపలక ముందు క్యారెట్లు, యాపిల్ పళ్లు పెట్టి అందరం వంగి దణ్ణం పెట్టాం. డాక్టరు అక్క పక్కకొచ్చాడు.

"రేపు రిపోర్టు పంపుతున్నానమ్మా. ఫొటోల వేళ మీరు ఆకులు చూపించేవారని మల్సుక్ అంటోంది. నిజమైతే కొత్త నలభైతో మళ్లీ మొదలెట్టాలి."

అక్క వంగిన నడుము ఎత్తలేదు. పలకకేసి చూస్తూనే అంది.

"ఫొటోల వేళ నేను ఆ గది ఛాయలకే పోలేదు డాక్టరుగారూ. ఆకుల్లేవు, ఏం లేవు. దాని నోరు మీకు తెలీనిదా, అదంతా అది అల్లిన కథ."