చిలక కొరికిన జామకాయలు

ఆ రోజుల్లో పిల్లవాడికి మాట రాలేదంటే ఊళ్లో వైద్యం తెలియని మనిషి ఉండేవాడు కాదు. వచ్చినవాళ్లు చాయ్ తాగి, తలా ఒక మందు చెప్పి వెళ్లేవారు. (మా ఇంట్లో చాయ్‌పొడి ఖర్చు పెరిగిందే గాని పిల్లవాడి నోటి వెంట ఒక్క మాట రాలేదు.)

దమ్మపేట దాటాక, అడవి మొదలయ్యే చోట మా ఊరు. అక్క కొడుకు బుడ్డోడికి అప్పుడు మూడేళ్లు నిండుతున్నాయి. "మూగోన్ని కన్నది" అని అత్తగారు అన్న మాట పడలేక అక్క పుట్టింటికి వచ్చింది. దించి వెళ్లేటప్పుడు బావ, "మాటలొచ్చినంక కబురు పెట్టు" అన్నాడు. పదో తరగతిలో తెలుగే తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను వాడికి మాటలు నేర్పడానికి నియమించారు.

మా నాయనమ్మ సంతలో వసకొమ్ము కొని, రోజూ పొద్దున్నే అరగదీసి వాడి నాలుకకు రాసేది. వాడు మొహం చిట్లించి నా కొంగుకు తుడుచుకునేవాడు. చిలక కొరికిన జామకాయ తింటే మాటలొస్తాయని ఎవరో చెప్పడంతో, అన్నాళ్లూ చిలకల్ని తోలిన నేను వాటికోసం పెరట్లో మేకులా కదలకుండా కూర్చోవలసి వచ్చింది. తెచ్చిన కాయను నాయనమ్మ తిప్పి తిప్పి చూసి, "ఇది ఉడుత కొరికిందే. రేపు వాడు కిచకిచమంటే ఎవరు జవాబు చెప్తరు?" అని పక్కన పెట్టేది. వాడి మొదటి మాట "అమ్మ" అని అమ్మ, "తాత" అని నాన్న పంతాలకు పోయేవారు. అక్క మాత్రం, "ఏదో ఒకటి అననీయుండ్రి. తిట్టినా సరే" అనేది.

ఒక మధ్యాహ్నం అటక మీది ఇత్తడి గంగాళం దించుతుంటే నా చేతిలోంచి జారి బండల మీద పడింది. కోళ్లు చెల్లాచెదురయ్యాయి. కొట్టంలో గేదెలు పలుపులు తెంపుకోబోయాయి. పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూశారు. నన్ను తిట్టడానికి నోరు తెరిచిన నాయనమ్మ అలాగే ఆగిపోయింది. అందరికీ వీపు పెట్టి మట్టిలో గీతలు గీస్తున్న బుడ్డోడు తల కూడా తిప్పలేదు.

అక్క నెమ్మదిగా వెళ్లి, వాడి వెనక నిలబడి, పళ్లెం మీద గరిటెతో కొట్టింది. ఇంకా గట్టిగా కొట్టింది. తర్వాత గరిటె కింద పెట్టేసింది.

"వీనికి ఇనబడ్తలేదు, నాయనమ్మా."

"గట్లెందుకంటవే, ఆటల పడ్డడు."

"లేదు. నేను పాడిన జోలపాట ఒక్కటి గూడ వీడు ఇనలే."

ఖమ్మం దవాఖానాలో డాక్టర్ కూడా అదే చెప్పాడు. పుట్టుకతోనే వినికిడి లేదన్నాడు. తిరుగు బస్సులో బుడ్డోడు కిటికీలోంచి టేకు చెట్లను చూసి కేరింతలు కొడుతుంటే, అక్క వాడి చెవులు నిమురుతూ కూర్చుంది. మర్నాడు పొద్దున నాయనమ్మ మళ్లీ వసకొమ్ము అరగదీస్తోంది. "ఇంకెందుకే?" అన్నాను. "చేతులు ఊర్కుంటలేవు బిడ్డా" అంది, తల ఎత్తకుండా.

బావకు కబురు పెట్టాం. ఆయన రాలేదు. అక్క ఖమ్మంలో చెవిటి పిల్లల బడి దగ్గర గది కిరాయికి తీసుకుని, జాకెట్లు కుట్టి వాణ్ని చదివించింది. చేతులతో మాట్లాడడం వాడు నేర్చుకుని మాకు నేర్పాడు. ముక్కుపుడక చోట వేలు పెడితే వాళ్లమ్మ. ఐదు వేళ్లూ ఆగకుండా ఆడిస్తే నేను. (వాగుడుకాయ అని అర్థమట.) ఇప్పుడు వాడు సత్తుపల్లిలో తలుపులు, కిటికీలు చేస్తున్నాడు. ఇద్దరు పిల్లలు. వాళ్లు తండ్రితో చేతులతోనే పోట్లాడతారు.

అక్క పోయి నాలుగేళ్లయింది. ఫోన్లో ఎవరితోనైనా ఆమె మాట వస్తే, అవతలివాళ్లకు కనిపించదని తెలిసినా, నా వేలు దానంతటదే ముక్కు మీదికి పోతుంది. "పడిశం పట్టిందా అమ్మమ్మా?" అంటుంది మనవరాలు.

అవ్ అంటాను.