అమ్మ కోటుకి ఎడమ చెయ్యి

ఆ ఏడాది టైలరక్కకి తలప్రాణం తోకకొచ్చింది. కుట్టుపని వల్ల కాదు, అది ఆమెకి మంచినీళ్ళప్రాయం. నిజం చెప్పాలంటే తమ్ముడు మేకైపోవడం వల్ల కూడా కాదు. ఒక సోమవారం పొద్దున్న వాడు మంచం మీంచి కొమ్ములతో లేచాడు. ఏం చేస్తాం, మనుషులకి ఏవేవో వస్తుంటాయి. ఆమెని కాల్చుకుతిన్నది ఇంట్లోవాళ్ళు.

దుకాణంలో గుడ్డ కత్తిరించేది తమ్ముడు, కుట్టేది అక్క. ఇరవై రెండేళ్ళు ఆ కత్తెరే అమ్మ ఇల్లు నడిపింది. అలాంటిది, మేకైన మూడో రోజునే అమ్మా పెద్దన్నా వాడి మెడకి బట్టలారేసే తాడు కట్టి తెచ్చి దుకాణం గుమ్మంలో వదిలేశారు.

"నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నామే. నువ్వే చూసుకో," అంది అమ్మ.

పెద్దన్నైతే తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటాడు. "ఇది వాడు కాదు. వాడు పనిమీద ఊరెళ్ళాడు. ఎవరడిగినా అదే చెప్పు," అన్నాడు. వాడి ఎదురుగానే అన్నాడు. వాడు చెవులు వేలాడేసుకుని విన్నాడు.

బట్టల మధ్య మేకని పెట్టుకోవడమంటే ఏమిటో పడ్డవాళ్ళకే తెలుసు. కొలతల చీటీలు తిన్నాడు. టేపు నమిలాడు. ఒక పెద్దమనిషి కొత్త చొక్కాకి కాలరు లేకుండా చేశాడు. "ఒరేయ్, మనిషిగా ఉన్నప్పుడు పెట్టింది తిని ఊరుకునేవాడివి కదరా!" అంటూ అక్క గజంబద్ద ఎత్తేది. ఎత్తడమే గాని కొట్టేది కాదు. వాడు ఒక్కోసారి గుడ్డని కొరికితే, కొరికిన చోటు సరిగ్గా రెండు ముక్కలు కలిపి కుట్టడానికి గుర్తుగా కత్తెరతో గాటు పెట్టే చోటే అయ్యుండేది. అది చూసి మాత్రం ఆమె గజంబద్ద కింద పెట్టేది.

కానీ వచ్చినవాళ్ళు "ఈ మేక ఎవరిదండీ?" అంటే ఆమె కూడా, "ఎవరిదో, దారితప్పి వచ్చింది," అనేసేది. అలా అన్న రోజు వాడు సాయంత్రం దాకా ఆమెవైపు చూసేవాడు కాదు.

ఒకరోజు అమ్మ కోటు కుట్టించుకోడానికి వచ్చింది. కుటుంబమంతా కలిసి ఫొటో దిగుతున్నారట.

"కుటుంబమంతానా?" అంది అక్క.

అమ్మ వినబడనట్టే కొలతకి కుడిచెయ్యి చాపింది. మేక దగ్గరికొస్తే బట్టలు తగలకుండా పక్కకి జరిగింది. అమ్మ బట్టలు మాత్రం ఎప్పుడూ తమ్ముడే కొలత తీయకుండా కత్తిరించి, తనే కుట్టేవాడు, పుస్తకంలో ఆమె పేజీయే లేదు. ఒక చెయ్యి కొలిచి రెండు చేతులు కత్తిరించడం అక్క అలవాటు. అలాగే కత్తిరించింది.

నీళ్ళు తాగొచ్చేసరికి తమ్ముడు ఎడమ చేతి గుడ్డని కిందకి లాగి, అంచు పొడవునా బొటనవేలు వెడల్పున కొరికేశాడు. "నా ఖర్మ! నా ఖర్మ!" అని అక్క నెత్తి కొట్టుకుంది. ఇంకో చేతికి గుడ్డ లేదు. చేసేదేం లేక ఆ పొట్టి చెయ్యే మడిచి కుట్టింది.

అమ్మ వచ్చి కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. రెండు అంచులూ రెండు మణికట్ల దగ్గరా సరిగ్గా ఒక్కచోటే ఆగాయి. తొమ్మిదేళ్ళ కిందట స్నానాలగదిలో జారిపడినప్పుడు ఆమె ఎడమచెయ్యి విరిగి, అతుక్కున్నాక కాస్త పొట్టిదైంది. ఎవరికీ తెలియనివ్వొద్దని చిన్నకొడుకు దగ్గర మాట తీసుకుంది. ఆ సంగతి ఇప్పుడు అమ్మ నోటివెంట వస్తేనే అక్కకి తెలిసింది.

"వీడేనే," అంది అమ్మ. స్టూలు మీద కూలబడి మేక తల నిమిరింది. వాడు కళ్ళు మూసుకున్నాడు.

అంతలో ప్యాంటు కుట్టించుకోడానికి బస్సు కండక్టరొకాయన లోపలికొచ్చాడు. "మేక ముద్దుగా ఉందే. ఎవరిదండీ?"

అమ్మ చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఎవరిదో, నాయనా. దారితప్పి వచ్చింది."

తన మాటే. అక్షరం పొల్లుపోకుండా తన మాటే. అక్కకి ఒళ్ళు మండిపోయింది. అమ్మ మీదో తన మీదో తేల్చుకునే ఓపిక లేదు. కత్తెర తీసి, అమ్మ ఒంటిమీదుండగానే కోటు ఎడమచేతి కుట్టు ఊడదీసి, ఆ చెయ్యిని లాగి నేలమీద పడేసింది. "దారితప్పి వచ్చిన మేక కొరికిన గుడ్డ నీకెందుకమ్మా? వెళ్ళు, అలాగే దిగు ఫొటో!"

అమ్మ లేచింది. గుమ్మం దాకా వెళ్ళింది. తమ్ముడు నేలమీదున్న ఆ చెయ్యిని నోట కరుచుకుని, ఒక్క పంటిగాటు కూడా పడనీయకుండా తీసుకెళ్ళి ఆమె చేతికందించాడు. ఆమె దాన్ని చంకలో పెట్టుకుని వీధిలోకి వెళ్ళిపోయింది.

"సిగ్గులేదురా నీకు!" అని అరిచింది అక్క.

కండక్టరు బెదిరిపోయాడు. "ఎవర్నండీ తిడుతున్నారు?"

"మా తమ్ముణ్ణి," అంది అక్క. "ఇక్కడ కటింగ్ మాస్టరు వాడే. అలా నిలబడండి, వాణ్ణి చూడనివ్వండి."