అన్నిటికీ ‘అదే’

డ్రైవింగ్ మాస్టారికి నోరు మూసుకోవడం చేతకాదని పేరు. బండికి పెట్రోలెంతో ఆయనకి మాటంత అని శిష్యులు చాటుగా నవ్వుకునేవారు. పక్క సీట్లో కూర్చున్నది మొదలు, “క్లచ్ వదులు, అంత కాదు, ఇంకాస్త, అద్దం చూడు, నన్నెందుకయ్యా చూస్తావు, రోడ్డు చూడు” అంటూ ఊపిరి తిప్పుకోకుండా చెప్పేవాడు. నేర్చుకునేవాడు మొదటి మాట అందుకునేలోగా అయిదో మాట నెత్తిన పడేది. మనసు మాత్రం వెన్న. చుట్టుపక్కల వీధుల్లో స్టీరింగ్ పట్టుకున్నవాళ్ళలో సగం మంది ఆయన చేతికింద నేర్చుకున్నవాళ్ళే.

ఒక ఉదయం అద్దం ముందు తల దువ్వుకుంటుంటే కుడి చేతిలోంచి దువ్వెన జారింది. కాస్త తీసివ్వమని భార్యని అడగబోయాడు. “అదే” అని వచ్చింది. మళ్ళీ అడిగాడు. మళ్ళీ “అదే”.

“ఏదండీ?” అని నవ్వుతూ వచ్చిన ఆవిడ, పక్కకి వంగిపోయిన ఆయన మూతి చూసి అక్కడే ఆగిపోయింది.

ఆసుపత్రిలో ప్రాణం నిలిచింది. కుడి కాలు ఈడుస్తూనైనా నడవగలిగాడు. కుడి చెయ్యి పడిపోయింది. అన్ని మాటల్లోనూ ఆ ఒక్కటే మిగిలింది. బుద్ధికేమీ కాలేదని, అన్నీ అర్థమవుతాయని, బుర్రలోంచి నోటికొచ్చే దారే దెబ్బతిందని డాక్టరు చెప్పాడు. చెప్పాలనుకున్నది లోపల పొల్లు పోకుండా ఉండేది. పెదవుల దాకా వచ్చేసరికి అంతా ‘అదే’ అయిపోయేది.

చూడవచ్చినవాళ్ళు ఆయనకి చెవుడొచ్చినట్టు అరిచి పలకరించేవారు. ఆయన ఎదురుగా ఉండగానే, “తింటున్నాడా? మనుషుల్ని గుర్తుపడుతున్నాడా?” అని భార్యని అడిగేవారు. వీళ్ళందరికంటే తల ఊపేవాళ్ళతోనే ఆయనకి పెద్ద బాధ. గుండెల్లో మంటగా ఉందని ఆయన నానా తంటాలు పడి చెబితే, “అవునవును, నిజమే” అనేవారు. కొన్నాళ్ళకి మనిషి వస్తే చాలు, గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు.

అప్పుడు వచ్చింది ఆసుపత్రి నుంచి మాటలు నేర్పే అమ్మాయి. గోడవైపు తిరిగిన మనిషి పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. ఈవిడా తల ఊపే రకమే అనుకుని, విసుగ్గా వరసగా నాలుగైదు ‘అదే’లు విసిరాడు.

“నాకు అర్థం కాలేదు మాస్టారూ,” అంది ఆ అమ్మాయి. “మళ్ళీ చెప్పండి. నాకేం తొందర లేదు.”

ఇన్నాళ్ళలో ఆ మాట అన్నవాళ్ళు లేరు. ఆయన మెల్లగా ఇటు తిరిగాడు.

వెళ్ళేముందు భార్యని పిలిచి చెప్పింది. “అమ్మా, మాటలో సగం చెప్పేవాళ్ళది, సగం వినేవాళ్ళది. ఆయన సగం కుంటుపడింది కాబట్టి మన సగం గట్టిగా ఉండాలి. గొంతు ఎక్కడ లేస్తోందో, చెయ్యి ఎటు పోతోందో చూడండి. తెలియకపోతే తెలియలేదనండి.”

చెప్పినంత సులువు కాలేదు. ఒకరోజు ఆయన వేలు పైకెత్తి “అదే, అదే” అంటుంటే, ఆవిడ కళ్ళు చెమర్చి, “అవునండీ, అంతా ఆ పైవాడి దయ” అని దణ్ణం పెట్టుకుంది. ఆయన తల కొట్టుకున్నాడు. మేడమీద ట్యాంకు నిండి గోడ వెంట నీళ్ళు కారి, నట్టింట్లోకి వచ్చాక గానీ సంగతి తెలియలేదు. మోటారు కట్టేసి వచ్చి, “పైవాడు కాదు, పై ట్యాంకా” అని ఆవిడ నవ్వింది. జబ్బుపడ్డాక ఇద్దరూ కలిసి నవ్వడం అదే మొదటిసారి. ఆ తరవాత ఆవిడకి ఆయన ‘అదే’లు ఒక్కొక్కటే పట్టుబడ్డాయి.

ఒక వానరోజు ఆ అమ్మాయి తడిసి ముద్దయి వచ్చింది. రెండు బస్సులు మారి రావాలి మరి.

“బండి నేర్చుకోకూడదా తల్లీ?” అంటూ భార్య తువ్వాలు అందించింది.

“నేర్చుకున్నానమ్మా. రెండుసార్లు పరీక్ష పోయింది. పక్కనుంచి గబగబా చెబుతుంటే ఏ మాట పట్టుకోవాలో తెలియక ఏదో ఒకటి తొక్కేస్తాను.”

మాస్టారు నిటారుగా కూర్చున్నాడు. ఎడమ చేత్తో గుండెమీద చరుచుకుని “అదే” అన్నాడు.

“మీరు నేర్పిస్తారా?”

“అదే.” గొళ్ళెం పెట్టినట్టు వచ్చింది ఈసారి.

మాస్టారి డ్రైవింగ్ స్కూలు ఇప్పుడు నడుపుతున్నది బావమరిది. వాడు వినగానే తల గోక్కున్నాడు. “కోపం తెచ్చుకోకు బావా. ఆవిడ బ్రేకు అనుకుని ఇంకోటి తొక్కితే ఏం చేస్తావు?”

మాస్టారు ఎడమ కాలితో నేలని ధనామని తన్నాడు. నేర్పే బండిలో పక్క సీటు కింద ఇంకో బ్రేకు ఉంటుంది. ఆ కాలు నిక్షేపంగా ఉంది.

“సరే, డాక్టరు ఒప్పుకుంటేనే. నేనూ వెనక కూర్చుంటా,” అని బావమరిది దిగొచ్చాడు. డాక్టరు ఒప్పుకున్నాడు.

మూతపడ్డ మిల్లు వెనక ఖాళీ స్థలంలో పాఠం మొదలైంది. అమ్మాయి క్లచ్ వదలగానే బండి కుప్పిగంతు వేసి ఆగింది. పాత మాస్టారైతే పది వాక్యాలు కుమ్మరించేవాడు. ఇప్పుడు నోట్లో ఉన్నది ఒక్క మాట. దాన్ని ఎప్పుడు వాడాలో చూసుకోవాలి కాబట్టి, ముందు మనిషిని చూశాడు. కాలు తీసే ముందు ఆమె భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి. ఇన్నేళ్ళలో ఎంతమంది భుజాలు అలా లేచి ఉంటాయో, మాటల సందడిలో తను ఒక్కటీ చూడలేదని ఆయనకి తోచింది.

అరచెయ్యి ఆమె ముందు పెట్టి, నీళ్ళమీద ఆనించినట్టు మెల్లగా కిందికి దించాడు. భుజాలు దిగాయి. కాలు వదులైంది. బండి కుదుపు లేకుండా కదిలింది.

“అదే,” అన్నాడు గొంతు అడుగునుంచి, మెత్తగా.

వారాలు గడిచేకొద్దీ ‘అదే’ని సాగదీస్తే నెమ్మది అని, కత్తిరిస్తే ఆపు అని, చివర లేపితే అద్దం చూశావా అని ఆమెకి తెలిసిపోయింది. తెలియనప్పుడు బండి ఆపేసి, “ఇది నాకు అర్థం కాలేదు” అనేది. ఆయన డాష్‌బోర్డు దుమ్ములో వేలితో దారి గీసి చూపేవాడు. ఫోను చూసుకుందామని వెనక కూర్చున్న బావమరిది దాన్ని జేబులో పెట్టేసి ముందుకు వంగి చూడసాగాడు.

పరీక్షనాడు మాస్టారు, భార్య, బావమరిది ముగ్గురూ కంచె బయట నిలబడ్డారు. లోపల అధికారి పక్కన అమ్మాయి ఒక్కతే. ముందు వెళ్ళినవాళ్ళిద్దరూ బండి వెనక్కి పోనిచ్చి, హద్దుగా పాతిన కర్రలు పడగొట్టారు. ఈమె బండి వెనక్కి వస్తూ సరిగ్గా ఆ కర్రల దగ్గర సగంలో ఆగిపోయింది.

“పోయింది,” అని బావమరిది కళ్ళు మూసుకున్నాడు.

మాస్టారు మూసుకోలేదు. అద్దంలోంచి ఆమె భుజాలు కనిపిస్తున్నాయి. కిందికే ఉన్నాయి. భార్య చెయ్యి పట్టుకుని తాపీగా “అదే” అన్నాడు.

“భయం కాదట, సర్దుకుంటోందట,” అని ఆవిడ తమ్ముడికి చెప్పింది.

చక్రాలు కొంచెం తిరిగాయి. బండి ఒరలోకి కత్తి దూరినట్టు కర్రల మధ్యకి దూరింది. ఒక్క కర్రా కదల్లేదు.

కాగితం మీద సంతకం చేసి దిగుతూ అధికారి అడిగాడు. “ఇంత నిబ్బరంగా నడపడం ఎవరు నేర్పారమ్మా?”

“అరుగో, మా మాస్టారు.”

అధికారి కంచె దాకా వచ్చి ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని ఊపాడు. మాస్టారు పకపకా నవ్వాడు. ఆ నవ్వులో కుంటు లేదు, నత్తి లేదు.

“ఇకమీదట భయపడేవాళ్ళందర్నీ నీకే అప్పజెబుతా బావా,” అన్నాడు బావమరిది, స్కూటరు తాళం తీస్తూ. “నా నోటికి వాళ్ళు ఆగరు.”

ఇంటికి అమ్మాయే నడిపింది. ముందు సీట్లో భార్యని కూర్చోబెట్టి, మాస్టారు జీవితంలో మొదటిసారి తన బండిలో వెనక సీటెక్కాడు. అక్కడ కాలికింద బ్రేకు లేదు. పెద్ద రోడ్డు కూడలిలో వెనక బస్సువాడు హారను మోత మోగించాడు. అమ్మాయి అద్దంలో వాణ్ణి ఓసారి చూసి, దారి ఖాళీ అయ్యేదాకా ఆగి, అప్పుడు కదిలింది. మాస్టారు కిటికీ దించి, మోచెయ్యి బయట పెట్టుకుని, ఊరేగింపులో పెళ్ళికొడుకులా కూర్చున్నాడు.