శింగి చేపలు, చెల్లెలి పథ్యం

నిమ్‌పురా రైల్వే యార్డు దాటాక, పట్టాల కింది తూములోంచి బయటపడి పొలాల్లోకి పోయే వాగు ఒకటుండేది. వానాకాలం ఆదివారాలు నేను అక్కడే. పాత దోమతెర ముక్కకి రెండు కర్రలు కట్టి, మోకాలిలోతు నీళ్లలో గడ్డి మొదళ్ల కింద దేవేదాన్ని. ఆడపిల్లకి ఇదేం పోయేకాలమని మా క్వార్టర్లలో తెలుగువాళ్లంతా అనేవారు. అననీ అనుకున్నాను. అప్పుడు నాకు పదకొండేళ్లు. మనుషుల కంటే చేపల మీదే గురి ఎక్కువ.

పట్టినవాటికి పేర్లు చెప్పింది పక్కింటి బెంగాలీ దీదీ. మా అమ్మకి పరిగెలైనవి ఆవిడకి పుంటీలు. అన్నిట్లోకీ నాకు అపురూపమైనవి రెండు శింగీలు. నల్లగా, సన్నగా, మూతి చుట్టూ మీసాలతో ఉంటాయి. రెక్క దగ్గరి ముల్లు గుచ్చుకుంటే చెయ్యి పూటంతా సలుపుతుంది. ఆ సలుపు పడి తెచ్చుకున్నాను కాబట్టి కూరకి ఇవ్వనని ముందే చెప్పేశాను. పెరట్లో సిమెంటు కుండీలో పెట్టి, రోజూ వానపాములు వేసి పెంచాను.

ఆ ఏడు దసరా ముందు చెల్లెలికి టైఫాయిడ్ వచ్చింది. రైల్వే ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి పుల్లలా అయిపోయింది. శింగి చేపని పచ్చి అరటికాయతో పలచగా పులుసు కాచి పోస్తే వారంలో లేచి తిరుగుతుందని దీదీ చెప్పింది. వాళ్లలో జబ్బుపడి లేచినవాళ్లకి అదే పథ్యం. మా అమ్మ ససేమిరా అంది. మావైపు జ్వరం తగ్గాక ఇరవై ఒక్క రోజులు బీరకాయ, చారే; చేప వాసన తగలకూడదు. నాన్న దీదీ మాటకే మొగ్గాడు. మర్నాడు పొద్దున్నే ఆ రెండూ కోయమన్నాడు. చేప అనగానే చెల్లెలు చాలా రోజుల తర్వాత నవ్వింది.

ఆ నవ్వు చూసి కూడా నా మనసు కరగలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. తెల్లారి వర్క్‌షాపు కూత వెయ్యకముందే లేచి, శింగీల్ని తిరిగి వాగులో వదిలేద్దామని బకెట్టు పట్టుకుని పెరట్లోకి వెళ్లాను. కుండీ ఖాళీగా ఉంది. పక్కనే అమ్మ గిన్నె కడుగుతోంది.

"కాలవలో వొదిలీసినాను. జొరం తిరగబెడితే ఎవులు సూస్తారు?" అంది. అప్పుడు నా చేతిలో బకెట్టు చూసింది. "సెల్లి కోసం నువ్వే పట్టి ఇద్దామనొచ్చినావా, నా తల్లే?" అని తల నిమిరింది.

ఆ మాట అలాగే ఉండనిచ్చి, బకెట్టు గోడవార బోర్లించాను.

చేపలేమయ్యాయని నాన్న అడిగితే అమ్మ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. దాంతో అందరూ నన్నే అనుకున్నారు. చెల్లెలైతే మంచం మీంచే తేల్చేసింది.

"నాకు పెట్టాల్సొస్తాదని నువ్వే వొదిలీసినావు."

బీరకాయతోనే అది లేచి తిరిగింది. మా ఇద్దరికీ పెళ్లిళ్లయి పిల్లలు పుట్టాక కూడా ఆ మాట మాత్రం వదల్లేదు. అమ్మ తను పోయేదాకా, నేనొక్కదాన్నే దగ్గరున్నప్పుడు ఆ బకెట్టు గుర్తుచేసి, నీది పెద్ద మనసే అనేది.

అమ్మా చెల్లెలూ ఇద్దరిలో నన్ను ఎరిగింది చెల్లెలే. ఆ సంగతి దానికి ఇప్పటికీ చెప్పలేదు.