తుపాకీ చెక్కలో వెంట్రుకవాసి సందు

చిరంజీవి జంగ్లీఘాట్ జెట్టీ మీద నిలబడి, పదిమంది వినేలా మా అప్పలరాముణ్ణి దొంగ అన్నాడు. అప్పలరాముడు అతనికి కట్టి, అప్పుడే నీళ్ళలోకి దింపిన కొత్త డుంగీ, చిన్న పడవ అది. గంట కాకుండానే పడవ అడుగున మడమ మునిగేంత నీళ్ళు చేరాయి. పలకకీ పలకకీ మధ్య దారం దూరేంత సందు కంటికి కనిపిస్తోంది.

“పడవ కట్టమంటే జల్లెడ కట్టినావేటి! ఈ సందులేటి?”

“సందు నానే ఒగ్గినాను. ఎండు చెక్క. నీళ్ళు తాగితే ఉబ్బి అదే మూసుకుంతాది. రెండ్రోజులు నీళ్ళల్లో కట్టి ఉంచు.”

“మూసుకోపోతే?”

“మూసుకోపోతే ఈ బాడిస నీ ఎదరే సముద్రంలో ఇసిరేస్తాను. మూసుకుంతే మాత్రం, నన్నేటన్నావో ఆ మాట ఇక్కడే నిలబడి నీ గురించి నువ్వు అనాల.”

రెండు రోజులూ అప్పలరాముడు ఆ పడవలోనే కూర్చున్నాడు. అన్నం నేనే పట్టుకెళ్ళాను. రెండో రోజు సాయంత్రం నీళ్ళు తోడేస్తే మళ్ళీ ఊరలేదు. మూడో రోజు పొద్దున్న చిరంజీవి వంగి పడవ అడుగంతా చేత్తో తడిమాడు. చెయ్యి తడి కాలేదు. అదే జెట్టీ మీద, అదే పదిమంది ముందు, “నానే దొంగని” అన్నాడు. అందరూ నవ్వారు. అప్పలరాముడు మాత్రం నవ్వకుండా బాడిస భుజాన వేసుకుని ఇంటికి పోయాడు.

ఇది ఇరవై రెండేళ్ళ కిందటి మాట. అప్పటినుంచి చెక్క విషయంలో అతనితో వాదం పెట్టుకున్నవాడెవడూ నెగ్గలేదు.

అతను నా సొంత తమ్ముడు కాదు. ఇద్దరిదీ కళింగపట్నం దగ్గర ఒకే ఊరు, వరసకు తమ్ముడు. నన్ను అప్ప అంటాడు. మా వైపు అక్కను అలాగే పిలుస్తారు. నేను మూడో తరగతి దాకా చదివాను, అతను బడి గుమ్మమే ఎక్కలేదు. కానీ దుంగను గోటితో గీరి వాసన చూసి, అది కొట్టి ఎన్ని వానాకాలాలయిందో చెప్పేస్తాడు. ఈ దీవుల్లో పెరిగే ఎర్రటి పడాక్ చెక్కంటే అతనికి కన్నకూతురంత ప్రేమ. దాన్ని ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే ఆ ఇంట్లో నీళ్ళు కూడా ముట్టడు.

పోయిన ఏడాది గణేశ్వరరావు అతని గుమ్మంలోకి వచ్చాడు. టౌన్లో ఒక ఆఫీసులో ఆయుధాల గది తాళాలు ఈయన దగ్గర ఉంటాయి. ఆ ఆఫీసు పేరు నేను రాయను, వాళ్ళకంత గౌరవం అక్కర్లేదు. పాత యుద్ధం నాటి త్రీనాట్‌త్రీ రైఫిళ్ళు పన్నెండున్నాయట, పరేడ్‌లో సలామీకి వాడతారట. ఒకదానికి ఇనుము కూర్చునే చెక్కను చెదలు తినేశాయి. కొత్త చెక్క కోసం మెయిన్‌ల్యాండ్‌కి మూడేళ్ళుగా కాగితాలు పోతున్నాయి, చెక్క రాదు.

“నువ్వొకటి చేసి చూపించు భయ్యా. నిలబడితే మిగతా పదకొండూ నీకే. లేదంటే పన్నెండూ కోసి స్క్రాప్‌లో పడేస్తారు.”

“పడాక్‌తో చేస్తాను. వేరే చెక్క ముట్టను” అన్నాడు అప్పలరాముడు.

తుపాకీ ఇనుమును ఆఫీసు దాటనివ్వరు. పేలే భాగం ఊడదీసి లోపల దాచుకుని, ఒట్టి ఇనుము వరండాలో పెట్టారు. ఒక కానిస్టేబుల్ కుర్చీలో కూర్చుని కాపలా. ముసలివాడు గొట్టం చంకన పెట్టుకుని పారిపోతాడని కాబోలు! మధ్యాహ్నం నేను అన్నం, చేపల పులుసు పట్టుకెళితే నా గిన్నె మూత కూడా తీసి చూశాడు. “పులుసులో తూటాలున్నాయి, ఏరుకో” అన్నాను.

పని ఎలా చేశాడో నేను కళ్ళారా చూశాను. రోజూ పొద్దున్న నా ఇంటి దీపం మీద ఇత్తడి మూత బోర్లించి మసి పట్టి, ఆ వరండాకు పట్టుకెళ్ళేవాడు. ఆ మసిని నూనెలో కలిపి ఇనుముకు పూసి, తొలిచిన చెక్కలో కూర్చోబెట్టి, తీసేవాడు. ఎక్కడ మసి అంటిందో అక్కడ ఇనుము ఒరుసుకుంటున్నట్టు. ఆ మచ్చనే సన్న ఉలితో గీరి, మళ్ళీ మసి, మళ్ళీ కూర్చోబెట్టడం. పన్నెండు రోజులు ఇదే. దేవుడి దీపాన్ని మసి కుండ చేశాడని నేను తిట్టని పూట లేదు.

“తుపాకీ పేలితే ఇనుము ఎనక్కి తంతాది అప్పా. ఆ తన్ను చెక్కలో ఇనుము ఆనే రెండు భుజాల మీదా ఒక్కసారే పడాల. ఒకటే కాస్తే నిలవదు” అనేవాడు. ఇంత తెలిసినవాడు!

చెక్క తయారయ్యాక అవిసె నూనె కాచి, వారం రోజులు తాగించాడు. పండిన చింతపండు రంగు తేలింది. గణేశ్వరరావు దాన్ని నిమిరి, “క్యా బాత్ హై” అన్నాడు. ఆ మాట నేను మరచిపోలేదు.

ఫైరింగ్ రేంజిలో ఐదు తూటాలు కాల్చి చూస్తామన్నారు. మూడోదానికే చెక్క నిలువునా చీలింది.

అక్కడినుంచి మొదలైంది నా కడుపు మంట. చెక్కను నిమిరిన గణేశ్వరరావే ఫైల్లో రాశాడు: లోకల్ చెక్క పనికిరాదు, పన్నెండూ స్క్రాప్‌కి పంపవచ్చు. చీలిన చెక్కను కాగితంలో చుట్టి, గేటు దగ్గర అప్పలరాముడి చేతిలో పెట్టాడట. లోపలికి రమ్మని కూడా అనలేదట.

మర్నాడు ఆ చెక్కతో అతను నా ఇంటికొచ్చాడు. నేను అప్పటికే చీర మార్చుకుని, గొడుగు తీసుకుని సిద్ధంగా ఉన్నాను.

“పద. వాడి టేబుల్ మీద చెయ్యేసి అడుగుతాను. మూడేళ్ళు కాగితాలు రాసుకున్నవాడికి చెక్క గురించేం తెలుసని? పడాక్ పనికిరాదా? వాడి ఆఫీసు తలుపులు, వాడు కూర్చున్న కుర్చీ పడాక్ కాక మరేమిటి? పదవేం!”

“కూకో అప్పా.”

“కూర్చోను.”

“కూకో. ఇది సూడు.”

చెక్క విప్పి, ఇనుము తన్నే చోటు చూపించాడు. కుడి భుజం నలిగి నున్నగా మెరుస్తోంది. ఎడమ భుజం మీద ఉలి గీతలు నిన్న గీసినట్టే ఉన్నాయి. ఇనుము అటువైపు తాకనే లేదు, తన్నంతా కుడివైపే పడింది.

“ఏమిటిది?”

“సందు. ఎంటికవాసి. ఎడం పక్క నానే ఒగ్గినాను.”

“ఎందుకు?”

“ఈ దీవి గాలికి చెక్క తేమ తాగి ఉబ్బుతాది, అదే బిగుసుకుంతాదనుకున్నాను. పడవకి ఒగ్గినట్టే ఒగ్గినాను. నూనె తాగించిన చెక్క నీళ్ళు తాగదు కదా అప్పా. తాగించింది నానే. నా సెయ్యే మరిచిపోనాది.”

నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు భుజాలూ ఒక్కసారే కాయాలని నాకు పాఠం చెప్పినవాడు, నా దీపం పన్నెండు రోజులు మసి చేసినవాడు! నోటికొచ్చినట్టు తిట్టాను. తల వంచుకుని విన్నాడు. అతను అలా వినడం నేనెప్పుడూ చూడలేదు, దాంతో కోపం ఇంకా పెరిగింది.

“సరే, నీ తప్పే. ఎవడికి తెలుసు? నోరు మూసుకుని ఊరుకో. చెక్కే చెడ్డదనుకోనీ. నీ పేరైనా దక్కుతుంది” అన్నాను.

“నా పేరు దక్కితే పడాక్ పేరు పోతాది. ఫైల్లో పడిన మాట నాను సచ్చినా సెరగదు. ఆ పదకొండూ ముక్కలైపోతాయి.”

“అయితే నువ్వే పోయి చెప్పుకో.”

“నానెల్తే ఆడి మొకం సూడగానే తగువు గెలిసేస్తాను అప్పా. అలవాటు. ఇది గెలవకూడని తగువు.”

చెక్కను మళ్ళీ కాగితంలో చుట్టి, నా ఒళ్ళో పెట్టాడు.

“నువ్వెల్లు. ఈ రెండు భుజాలూ ఆడికి సూపించు. నలిగిందేదో, నలగందేదో ఆడి ఏలితోనే తడిమించు. తప్పు పడాక్‌ది కాదు, అప్పలరాముడిది అని సెప్పి, ఫైల్లో అదే రాయించు. ఇంకో దుంగ కోసి ఉంచినాను, ఇంకొక్కసారి ఇనుము వరండాలో పెట్టమని అడుగు. నీ నోటితోనే అడగాల. తిట్టకుండా.”